వావిలాకు నీళ్ళు

సోంపేట,
4 జులై 1976

బారిడీహ్ క్వార్టరులో రాజ్యమేలుతున్న మా మరదలు వరహాలమ్మకు, నీ ఆడపడుచు ధనమ్మ చేయెత్తి దీవించి రాసేది.

ఈ ఉత్తరం తెచ్చిన సన్యాసిరావు చేతిలో ఒక తడిగోనె మూట ఉంటుంది. వాడు మా వీధివాడే. మీ టాటానగర్ రైల్వేలోనే పని, సెలవు అయిపోయి వెనక్కి వస్తున్నాడు. మూట విప్పి ఇవేవో ఎండుపుల్లలు అనుకుని పొయ్యిలో పెట్టేవు, జాగ్రత్త. అవి మన పెరట్లోని వావిలి చెట్టు కొమ్మ ముక్కలు. ఐదు పంపాను.

మొన్న మా తమ్ముడు వచ్చినప్పుడు చూశాను. అరుగు ఎక్కడానికి గోడ పట్టుకున్నాడు. నలభై రెండేళ్ళకే మోకాళ్ళు ఇలా అయ్యాయంటే అది కార్ఖానాలో గంటలకొద్దీ నిలబడే పని వల్లే. అడిగితే "ఏటీ లేదప్పా, రైల్లో కూకుని కూకుని బిగిసిపోనాయి" అన్నాడు. అబద్ధమాడితే నీలకంఠం చెవులు ఎర్రబడతాయి, చిన్నప్పటి నుంచీ అంతే. అందుకే నీకు రాస్తున్నాను, వాడికి కాదు.

ఆ చెట్టు మా నాన్న వేసింది. ఆయన పసరు వైద్యం చేసేవాడని నీకు తెలుసు కదా. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవారు. ఆయన సొంత తమ్ముడు మాత్రం కాలు బెణికితే బరంపురం పోయి చూపించుకున్నాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా?

వాన పడుతున్నప్పుడే నాటు. ముక్కను కొంచెం ఏటవాలుగా, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చు. ప్రేమ ఎక్కువై నీళ్ళు నిలవబెట్టకు. మేకల భయం లేదు, ఈ ఆకు వాసనకే అవి మూతి తిప్పుకుంటాయి. చెట్టయ్యాక ఆకు దూసి, పెనం మీద వెచ్చబెట్టి, ఆముదం రాసి వాడి మోకాళ్ళకు కట్టు. ఎవరికైనా ఒళ్ళు నొప్పులుంటే, గుప్పెళ్ళకొద్దీ ఆకు కాగులో వేసి, నీళ్ళు పచ్చబడేదాకా కాచి, ఓర్చుకోగలిగినంత వేడిగా ఆ నీళ్ళు పోసుకోవాలి. బాలింతకైతే ఇంతకు మించిన మందు లేదని మా నాన్న అనేవాడు.

ఇంకొకటి. ఉత్తరమంతా నన్ను "మీరు, మీరు" అని రాస్తావు. నేనేమైనా మీ బడి హెడ్మాస్టర్నా? ఇకనైనా మానుకో.

నీ వదిన,
ధనమ్మ


బారిడీహ్,
19 జులై 1976

సోంపేటలోని వదినగారికి వరహాలు నమస్కరించి రాస్తున్నది.

"మీరు" మానమన్నారు. ఇక్కడ పెద్దవాళ్ళను "ఆప్" అనకపోతే చిన్నప్పుడు దెబ్బలు పడేవి. ఆ భయం ఇంకా పోలేదు, కొన్నాళ్ళు ఓపిక పట్టండి.

ముక్కలు నాలుగే అందాయి. సన్యాసిరావుగారు ఖరగ్‌పూర్‌లో బండి మారేటప్పుడు ఒకటి నమిలేశారు. దారిలో పళ్ళు తోముకోవడానికి ఇచ్చారనుకున్నారట. "నోరంతా సేదు, టాటా వచ్చినా పోనేదు" అని ఆయనే చెప్పి నవ్వారు. మిగిలినవి మర్నాడే వానలో నాటాను. మా పెరడు మీకు తెలియదు. కార్ఖానా వైపు నుంచి గాలి వీస్తే ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగు అవుతుంది. ఈ మట్టిలో ఏం పుడుతుందని మీ తమ్ముడు నవ్వారు.

ఆకు "దూయడం" అంటే ఏమిటో నాకు తెలియలేదు. అడిగితే ఆయన గోడ పక్క పిచ్చిమొక్క కొమ్మ పట్టుకుని, పిడికిలి బిగించి కిందికి లాగి చూపించారు. మా అమ్మ నా ఐదో ఏటే పోయింది. నాన్న దగ్గర ఇక్కడే పెరిగాను. తెలుగు బడిలో ఐదో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలే నా తెలుగు. ఇంట్లో ఆడవాళ్ళు వాడే మాటలు నాకు చెప్పినవాళ్ళు లేరు. నేను తప్పు రాస్తే దిద్దండి.

పక్క క్వార్టరు భద్రమ్మగారు ఈ పుల్లలు చూసి పెదవి విరిచారు. ఇచ్ఛాపురం వాళ్ళు. చదువు రాదు, వచ్చిన ఉత్తరాలన్నీ నా దగ్గరికే తెచ్చి చదివించుకుంటారు. మొన్న వాళ్ళ చుట్టాల ఇంట్లో బారసాల అయితే నన్నూ పిలిచారు. వెనక వరసలో చాప వేశారు. ఉయ్యాల దగ్గరికి అందరినీ ఒక్కొక్కరినీ పిలిచారు, నన్ను పిలవలేదు. నేను లేచి వెళ్ళబోతే భద్రమ్మగారు చీర కొంగు పట్టుకుని కూర్చోబెట్టారు. పెళ్ళయి పద్నాలుగేళ్ళయింది, అలవాటు పడ్డాననే అనుకుంటాను. కాని ఆ వేళ ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. ఒక్కసారి ఒక పసిబిడ్డను నా చేతుల్లో పెడితే వాళ్ళ సొమ్మేం పోతుంది? ఈ మాట మీ తమ్ముడికి చెప్పలేదు.

వరహాలు


బారిడీహ్,
2 సెప్టెంబరు 1976

వదినగారూ, క్షేమ సమాచారాలు తరవాత. ముందు ఇది వినండి.

నాలుగు ముక్కల్లో మూడు నల్లబడి కుళ్ళిపోయాయి. నాలుగోది కూడా ఎండిపోయిందని, నలభై మూడో రోజున పీకి పారేద్దామని వంగాను. కణుపు దగ్గర చీమ తలంత పచ్చటి చుక్క కనబడింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మర్నాటికి చుక్క కాస్తా ముడిచిన పిడికిలి అయింది. మూడో రోజుకి విప్పుకుంది. ఐదు ఆకులు, ఎవరో కొలిచి పెట్టినట్టు నడిమిది పొడుగు, అటూ ఇటూ చిన్నవి. నా అరచెయ్యి పక్కన పెట్టి చూసుకున్నాను. వదినగారూ, నాకు ఒళ్ళు జలదరించింది. దానికి వేరు లేదు, తల్లి చెట్టు లేదు, గోనెలో చుట్టుకుని రైల్లో వచ్చింది. నలభై మూడు రోజులు చచ్చినదానిలా పడి ఉండి, లోపల ఏం చేసుకుందో ఏమో!

మీ తమ్ముడు డ్యూటీ నుంచి వచ్చి, బట్టలు కూడా మార్చుకోకుండా దాని ముందు గొంతుకూర్చున్నారు. మోకాళ్ళ నొప్పి సంగతే మరిచిపోయారు. చాలాసేపు చూసి అన్నారు: "ఇనుము కరగడానికి మేం కొండంత మంట ఎడతాం. ఇదేటి, సప్పుడు సెయ్యకుండా లెగిసిపోనాది."

ఆకుల మీద మసి పడుతోంది. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడుస్తున్నాను. భద్రమ్మగారు గోడ మీంచి చూసి, దీనికి మతి పోయిందని అందరితో చెబుతున్నారు. చెప్పుకోనివ్వండి.

వరహాలు


సోంపేట,
14 సెప్టెంబరు 1976

చెట్టుకు తలంటు పోస్తున్న మరదలికి, వదిన ఆశీస్సులు.

ఒక్కటి బతికిందా, చాలు. వచ్చే వానాకాలానికి నీ తల దాటుతుంది. అప్పుడు ఆకు వాడుకో. అయితే మా నాన్న పెట్టిన ఆచారం ఒకటుంది, అది తప్పకు. ఆకు దూసే ముందు చెట్టుకు చెప్పాలి, ఇది ఫలానా వాళ్ళ కోసమని, పేరు పెట్టి. ఊరికే దూస్తే పసరు పనిచేయదనేవాడు. చిన్నప్పుడు నేను నవ్వేదాన్ని. ఇప్పుడు నాకూ పేరు చెప్పకుండా చెయ్యి పైకి లేవదు.

నువ్వు రాసిన బారసాల సంగతి చదివి నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేక మధ్యాహ్నం మా దూడను తిట్టాను.

ధనమ్మ


బారిడీహ్,
11 జులై 1977
(కార్డు)

వదినగారికి నమస్కారం. పోస్టాఫీసులో ఇన్‌లాండు కవర్లు అయిపోయాయి, అందుకే కార్డు. నెల రోజులుగా నాకు ఒంట్లో బాగుండలేదు. మీరు చెప్పినట్టే చేశాం, వావిలి కరుణించింది. నేను నీళ్ళు పోసుకున్నాను. ఇప్పుడు తేలికగా ఉంది. మీ తమ్ముడి సంతోషం చెప్పలేను. మిగతావి కవరు దొరికాక వివరంగా రాస్తాను. - వరహాలు


సోంపేట,
20 జులై 1977

నా తల్లీ, నా బంగారు వరహాలూ!

నీ కార్డు నేను చదవనేలేదు. పోస్టుమాన్ దేముడు ముందే చదివేసుకుని, వీధి మొదట్లోంచే "ధనమ్మా, మీ మరదలు నీళ్ళోసుకున్నాదట" అని కేకేసుకుంటూ వచ్చాడు. నేను మజ్జిగ చిలుకుతున్నాను, కవ్వం అలాగే వదిలేసి వచ్చాను. కళ్ళజోడు దొరకలేదు. వాడి చేతనే నాలుగుసార్లు చదివించుకున్నాను. వాడికి చెంబెడు మజ్జిగా, రెండు అరిసెలూ.

పదిహేనేళ్ళు, వరహాలూ! నిన్ను ఎవరు ఏమన్నా పైకి నవ్వుతూ తిరిగావు, నాకు తెలుసు. ఆ సాయంత్రం పెరట్లోకి పోయి చెట్టు మొదట్లో కూర్చున్నాను. ఏడుపు ఆగలేదు. మా నాన్న గుంట తవ్వి నాటినప్పుడు నేను మట్టి పట్టాను, నాకు ఏడేళ్ళు. ఆ చెట్టు పుల్ల అంత దూరం పోయి, ఆ మసిలో చిగురు వేసి, నిన్ను తల్లిని చేసిందంటే నా మనసుకు పట్టడం లేదు. చెట్టును ముట్టుకోవడానికే భయమేసింది, దేవుణ్ణి ముట్టుకున్నట్టు. బిడ్డ పుట్టాక మొదటి నీళ్ళు ఆ ఆకుతో నేనే వచ్చి పోస్తానని మొక్కుకున్నాను.

ఇక విను. వావిలాకు వేడి నీళ్ళు ఇప్పుడు వద్దు, పురుడయ్యాకే. బాల్చీలు మొయ్యకు. భద్రమ్మ ఉత్తరాలు చదవడానికి కూడా లేవకు, ఆవిడే వచ్చి కూర్చుంటుంది. నా మెత్తటి పాతచీరలు రెండు చింపి పొత్తిగుడ్డలు కుట్టాను. సన్యాసిరావు రేపు బయలుదేరుతున్నాడు, పంపుతున్నాను. ఊళ్ళో అందరికీ చెప్పేశాను. దాచమని నువ్వు రాయలేదు కదా, రాసినా ఆగేదాన్ని కాదు.

నీ వదిన


బారిడీహ్,
3 ఆగస్టు 1977

ధనమ్మగారికి.

మీ ఉత్తరం, పొత్తిగుడ్డలు అందాయి.

నాకు వచ్చింది మలేరియా. జ్వరం తగ్గినా కీళ్ళు పట్టేసి నెల రోజులు మంచం దిగలేకపోయాను. నా కోసమని చెట్టుకు చెప్పి, ఆకు దూసి, కాచి, నీళ్ళు పోసుకున్నాను. మీరు నిరుడు రాసిన మాటే తిరిగి రాశాను. దానికి ఇంకో అర్థం ఉందని నాకు తెలియదు.

మీ ఉత్తరం చదివినా నాకు అర్థం కాలేదు. తెలివితక్కువగా వెళ్ళి భద్రమ్మగారిని అడిగాను. ఆవిడ మొదట తెల్లబోయారు. తరవాత పక్కవాళ్ళను పిలిచి మరీ చెప్పి నవ్వారు. పొట్ట పట్టుకుని నవ్వారు అందరూ. నేనూ నవ్వాను.

మీ ఊరివాళ్ళకు మీరే చెప్పుకోండి. పొత్తిగుడ్డలు సన్యాసిరావుగారు మళ్ళీ వచ్చేటప్పుడు వెనక్కి పంపుతాను. చెట్టు బాగుంది.

వరహాలమ్మ


సోంపేట,
12 ఆగస్టు 1977

వరహాలూ,

మాట నాది. తప్పు నాది. తప్పు రాస్తే దిద్దమని నువ్వు రాశావు, దిద్దలేదు సరికదా, నా మాటను నీ నోట్లో పెట్టి నేనే దాన్ని మరోలా విన్నాను. మనిషి వినాలనుకున్నదే వింటుంది కాబోలు. పదిహేనేళ్ళుగా నేను ఆ ఒక్క మాట కోసమే చెవులు పెట్టుకుని ఉన్నాను. నీకు పిల్లలు లేరని కాదు ఆ బాధ, నువ్వు వెనక చాప మీద కూర్చోవలసి వస్తోందని.

చెప్పిన ఇళ్ళన్నిటికీ మళ్ళీ తిరిగాను. ప్రతి గుమ్మంలోనూ నిలబడి, పొరపాటు నాదే, మా మరదలు స్నానం సంగతి రాసిందని చెప్పాను. దేముడైతే తలెత్తలేదు. "నా నోరు పడిపోనూ, మజ్జిగ కూడా తాగినాను" అన్నాడు.

గుడ్డలు వెనక్కి పంపకు. మసి తుడవడానికైనా ఉంచుకో. నన్ను తిట్టడానికైనా ఉత్తరం రాయి. తిట్టేటప్పుడైనా "నువ్వు" అను.

ధనమ్మ


బారిడీహ్,
16 అక్టోబరు 1977

వదినగారికి నమస్కరించి.

రెండు నెలలు రాయలేదు. కలం పట్టుకుంటే ఆ నవ్వులే చెవుల్లో మోగేవి. ఇవాళ రాయకుండా ఉండలేక రాస్తున్నాను. ముందు మీ తమ్ముడి సంగతి. ఆకు కట్టు కడుతూ నాలుగు నెలలయింది. మొన్న గుడి మెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కారు. ఎక్కి, నా వైపు తిరిగి చూశారు, నేను చూశానా లేదా అని.

భద్రమ్మగారి కోడలు గౌరీదేవికి ఈ నెల మూడున ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. కాన్పు కష్టమైంది. గండం గడిచిందన్నారు, కాని ఇంటికొచ్చాక నడుం నొప్పితో అటు నుంచి ఇటు తిరగలేకపోతోంది. రాత్రీ పగలూ ఒణుకు. డాక్టరు మందులిచ్చి, వేడినీళ్ళతో కాపడం పెట్టమన్నారట. భద్రమ్మగారు గోడ దగ్గరికొచ్చి, "వరహాలూ, నీ సెట్టు ఆకు కావాల" అన్నారు. తల దించుకుని అన్నారు. నాకు లోపల ఎంత కోపం ఉందో ఆ క్షణం తెలిసింది. ఇవ్వనని అందామనుకున్నాను. ఇంతలో లోపల గౌరి మూలుగు వినబడింది. చెట్టు దగ్గరికి పోయి, "ఇది గౌరి కోసం" అని చెప్పి దూశాను.

నీళ్ళు నేనే కాచి తీసుకెళ్ళాను. గుమ్మంలో భద్రమ్మగారు అడ్డంగా నిలబడి, "అక్కడెట్టేసి ఎల్లమ్మా, పసిదున్నాది" అన్నారు. పెట్టేసి వచ్చాను. బిడ్డ ఏడుపు విన్నాను, చూడలేదు. ఐదు రోజులు అంతే, కాగు గుమ్మం దాకా. వేడినీళ్ళ చెంబు పట్టి ఆవిడే పోస్తోంది. ఆవిడకు భుజం వాతం, చెయ్యి సగానికి మించి లేవదు. నీళ్ళు గౌరి నడుం మీద కన్నా నేల మీదే ఎక్కువ పడుతున్నాయని గౌరి మొగుడు మీ తమ్ముడితో అన్నాడట.

ఆరో రోజుకి మా చెట్టు మోడైంది. ఒక్క ఆకు లేదు. బిడ్డ తల్లి కోసం మా చెట్టు ఒంటి మీద గుడ్డ కూడా ఉంచుకోలేదు. ఇక ఏం చెయ్యాలో తోచక అరుగు మీద కూర్చున్నాను. అంతలో విస్తరాకులు అమ్మే హో తెగ ఆవిడ వచ్చింది, ప్రతి సోమవారం వస్తుంది. మోడు చూసి, కింద రాలిన ఆకు ఒకటి తీసి నలిపి వాసన చూసి, "సిందువార్!" అంది. ఎందుకు ఏడుస్తున్నావు, నది ఒడ్డున కావలసినంత ఉంది కదా అని హిందీలో అడిగింది. నాకు నమ్మకం కలగలేదు. గంప మా అరుగు మీదే దించి, నన్ను వెంటబెట్టుకుని నడిచింది.

వదినగారూ, ఎలా రాయను? సువర్ణరేఖ ఒడ్డు దిగగానే నా కాళ్ళు ఆగిపోయాయి. కనుచూపు మేర వావిలి. నా తలకు మించిన చెట్లు, ఒకదాని మీద ఒకటి ఒరిగి, కొసలన్నీ నీలం పూలు. గాలి వీస్తే ఆకులు తిరగబడి అడుగు తెల్లగా కనబడుతోంది, ఒడ్డంతా ఒక్కసారి తెల్లబడి మళ్ళీ పచ్చబడుతోంది. మీ పెరటి వాసన. మీరు తడిగోనెలో చుట్టి పంపిన వాసన. నేను పుట్టింది ఈ ఊళ్ళోనే. ఈ నదికి ఎన్నిసార్లు వచ్చానో లెక్కలేదు. ఇది కళ్ళెదుట ఉంది, పేరు తెలియక చూడలేదు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటారే, అదే. సామెత రాసి, కాసేపు ఆగాను.

తమ ఇళ్ళలో కూడా పురుడయితే ఈ ఆకు నీళ్ళే పోస్తారని ఆవిడ చెప్పింది. వాళ్ళమ్మ చెప్పిందట, వాళ్ళమ్మకు వాళ్ళమ్మ. మీకు మీ నాన్నగారు చెప్పారు. వాళ్ళకీ మీకూ ఎవరు చెప్పారు, వదినగారూ? అక్కడ నిలబడి అదే అనుకున్నాను. చేతులు జోడించానని కూడా నాకు తెలియలేదు, ఆవిడ నవ్వితే తెలిసింది.

బాలింతకు సరిగ్గా ఎలా పోయాలో వివరంగా రాయండి, భద్రమ్మగారికి చదివి వినిపిస్తాను.

వరహాలు


సోంపేట,
25 అక్టోబరు 1977

నది ఒడ్డున దండం పెట్టిన మరదలికి, వదిన ఇక్కడి నుంచి మళ్ళీ దండం పెట్టి రాసేది.

సిందువార్ అందా? నీ ఉత్తరం అక్కడే ఆపేసి లేచాను. మా నాన్న మూలికల శ్లోకాలు చదివేవాడు, నాకు అర్థమయ్యేవి కావు. అందులో సింధువారం అనే మాట వచ్చేది. అదేమిటని అడిగితే, మన వావిలికే సంస్కృతంలో పేరు అన్నాడు. నేను పుస్తకాల్లో తప్ప లేదనుకున్న మాట మీ విస్తరాకుల ఆవిడ నోట్లో ఉంది. నలభై ఏళ్ళ కింద పోయిన మా నాన్న గొంతు ఆవిడ నోట విన్నట్టయింది. ఆవిడను ఈసారి నేను అడిగానని చెప్పు.

నీళ్ళు పోసే పద్ధతి ఇది. బాలింతను ఎత్తు పీట మీద కూర్చోబెట్టాలి. ముందు నీ మోచేతి మీద పోసుకుని వేడి చూసుకోవాలి. మొదట మెడ, భుజాలు, తరవాత వెన్ను పొడుగునా, చివర నడుం. నడుం మీద ధార తెగకూడదు, చెంబు వెనక చెంబు. పోస్తూ రెండో చేత్తో కిందికి నిమరాలి. బిడ్డకు వేరే గోరువెచ్చటి నీళ్ళు, రెండే రెండు ఆకులు. కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద పడుకోబెట్టి పోయాలి. ఇది భుజం లేవని మనిషి చేసే పని కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇదంతా నాకు నేర్పింది మా నాన్న కాదు, మా మేనత్త నూకాలమ్మ. నాకూ నీ మొగుడికీ మొదటి నీళ్ళు పోసింది ఆవిడే. ఆవిడకు పిల్లలు లేరు. అయినా మా చుట్టుపక్కల ఏ ఇంట పురుడైనా కబురు ఆవిడకే వచ్చేది. ఒకసారి ఎవరో కొత్త కోడలి తల్లి, పిల్లల్లేని మనిషి చెయ్యి వద్దని అంది. మా నాన్న ఒక్క మాటే అన్నాడు: "ఆకుకి పిల్లలున్నారా అని అడిగినావేటి? మరి సెయ్యిని ఎందుకడుగుతావు?"

ఈ సంగతి నీకు పదిహేనేళ్ళ కిందటే చెప్పవలసింది. ఎందుకు చెప్పలేదో ఆలోచిస్తే సిగ్గేస్తోంది. నీకు పిల్లలు పుడతారనే కాచుకుని కూర్చున్నాను, పుట్టకపోతే ఏమిటన్నది ఆలోచించడానికి నాకే ధైర్యం చాలలేదు.

ధనమ్మ


బారిడీహ్,
6 నవంబరు 1977

వదినా,

నీ ఉత్తరం వచ్చిన రోజే భద్రమ్మగారు తమ ఇచ్ఛాపురం ఉత్తరం చదివించుకోవడానికి వచ్చింది. అది అయ్యాక, మీ వదిన నీళ్ళ సంగతి ఏం రాసిందో చదువు అంది. చదివాను. పీట, మోచెయ్యి, మెడ, భుజాలు. నూకాలమ్మగారి దగ్గరికి వచ్చేసరికి ఆగాను. అక్కడితో ఆపి మడిచేస్తే ఆవిడకు తెలియదు, చదువు రాదు కదా. పదిహేనేళ్ళుగా ఆవిడకు ఏం చదవాలో, ఏం వదిలెయ్యాలో నా చేతిలోనే ఉంది. వాళ్ళ ఇంటి చెడ్డ కబుర్లు ఎన్నో మెత్తగా చేసి చదివాను. ఇది మాత్రం మెత్తగా చెయ్యలేదు. మీ నాన్న అన్న మాట ఉన్నదున్నట్టు చదివాను.

ఆవిడ చేతికర్ర తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు గోడ వైపు రాలేదు. నేను మామూలుగానే నదికి పోయి ఆకు తెచ్చి, కాచి, గుమ్మంలో పెట్టి వచ్చాను. ఇక ఎప్పటికీ ఇంతే అనుకున్నాను.

మూడో రోజు పొద్దున్న కాగు దించి వెనక్కి తిరిగాను. వెనక నుంచి పిలిచింది. "వరహాలూ, నా సెయ్యి నేవట్లేదు. నువ్వొచ్చి పొయ్యి." గుమ్మంలోంచి పక్కకి జరిగింది.

ఆ గుమ్మం దాటినట్టు నాకు గుర్తులేదు. పీట మీద గౌరి వీపు మాత్రం గుర్తుంది, పిల్లది ఎంత చిక్కిపోయిందో! మోచెయ్యి మీద పోసుకుని చూశాను. భుజాలు, వెన్ను, నడుం, చెంబు వెనక చెంబు. గది నిండా ఆవిరి, గోడలు కనబడటం లేదు, వాసన తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు ఉంది. నేను ధార వదలకుండా నిమురుతుంటే గౌరి ఒళ్ళు నా చేతి కింద మెల్లగా సడలింది. పెద్ద నిట్టూర్పు విడిచింది. "అమ్మా" అంది. నన్నే అందో, నొప్పి తగ్గి అందో నేను అడగలేదు.

తరవాత భద్రమ్మగారు బిడ్డను తెచ్చి నా కాళ్ళ మీద పడుకోబెట్టింది. వదినా, ఒక్క నెల బిడ్డ. గోరువెచ్చటి నీళ్ళు పొట్ట మీద పడగానే ఏడుపు ఆపి, కళ్ళు పెద్దవి చేసి నన్ను చూసింది. పిడికిలి విప్పింది. ఐదు వేళ్ళు, నడిమిది పొడుగు, అటూ ఇటూ చిన్నవి. నాకు మన మొక్క తొలి ఆకు గుర్తొచ్చింది. నీళ్ళు పోస్తున్నంతసేపూ ఏడ్చాను, ముఖమంతా ఆవిరేగా, ఎవరికీ తెలియలేదు. భద్రమ్మగారికి తెలిసిందేమో. తువ్వాలు కోసం చూస్తే దొరకలేదు. గోడ మీంచి మీ తమ్ముణ్ణి కేకేసి, నువ్వు పంపిన పొత్తిగుడ్డలు తెప్పించాను. వెనక్కి పంపలేదులే. బిడ్డను అందులోనే చుట్టాను.

రేపు కూడా రమ్మంది. అవతలి వీధిలో ఒక బెంగాలీ పిల్లకు వచ్చే నెల కాన్పు, వాళ్ళూ అడిగారు. ఆకు కొరత లేదు, నదంతా ఉంది. మన మోడు కూడా చిగురేసింది.

ఈ కవరుతో పాటు ఒక కార్డు కూడా వేస్తున్నాను. అది నీకు కాదు, దేముడికి. వీధి మొదట్లోంచీ చదువుకుంటూ రమ్మను. నువ్వు మజ్జిగ సిద్ధంగా పెట్టు.

నీ వరహాలు


బారిడీహ్,
6 నవంబరు 1977
(కార్డు)

వదినా, నేను నీళ్ళు పోశాను. ఈసారి మాట సరిగ్గానే రాశాను. - వరహాలు